‘పేషెంటు తాలూకు ఎవరు?’: ఎల్‌జీబీటీ వృద్ధుల కోసం సంఘం నడపడంలోని చిక్కులు

గుంటూరులోనైనా విజయవాడలోనైనా ఆపరేషన్ థియేటరు బయట వినిపించే మొదటి ప్రశ్న ఒకటే: “ఈ పేషెంటు తాలూకు ఎవరండీ?” భార్యో, కొడుకో, కోడలో లేచి ముందుకు వెళతారు. ముప్పై ఏళ్లుగా ఒకే ఇంట్లో కలిసి బతికిన ఇద్దరు పురుషుల్లో ఒకరు లోపల ఉంటే, బయట ఉన్న రెండో ఆయన లేచి నిలబడతాడు. “మీరు ఏమవుతారు?” అని అడిగితే “స్నేహితుణ్ణి” అంటాడు. అప్పుడు ఆసుపత్రివాళ్లు ఏళ్ల తరబడి పలకరింపు కూడా లేని తమ్ముడి ఫోన్ నంబరు అడుగుతారు.

ఇలాంటి పెద్దవాళ్లకు తోడుగా ఒక సంఘం ఉండాలన్న మాట ఇటీవల తరచుగా వినిపిస్తోంది. 2024 ఆగస్టు నుంచి 2025 జూన్ దాకా వచ్చిన కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వులు, హైకోర్టు తీర్పులు చూసి, ఇక సంఘంతో పనేముంది, హక్కులన్నీ వచ్చేశాయి కదా అని కొందరు అంటున్నారు. 2023లో సుప్రీంకోర్టు వివాహ హక్కును నిరాకరించాక చేయగలిగింది ఏమీ లేదని మరికొందరు నిరాశపడుతున్నారు. ఈ రెండు మాటల్లోనూ కొంత నిజం, కొంత పొరపాటు ఉన్నాయి. వాటిని విడదీసి చూస్తే గానీ సంఘం అసలు ఏ పని చేయాలో తేలదు.

ఒకే పేరు కింద రెండు లోకాలు

తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ సంక్షేమ చట్టం, 2007 ప్రకారం అరవై ఏళ్లు నిండినవారు వయోవృద్ధులు. ఎల్‌జీబీటీ అన్న పొట్టి పేరులో స్త్రీలను ప్రేమించే స్త్రీలు, పురుషులను ప్రేమించే పురుషులు, ఇద్దరి పట్లా ఆకర్షణ గలవారు, పుట్టినప్పుడు రాసిన లింగానికి భిన్నమైన లింగ గుర్తింపు గల ట్రాన్స్‌జెండర్లు ఉన్నారు. నిర్వచనంగా ఇది సరిపోతుంది. అయితే కృష్ణకు ఇటు, అటు ఉన్న మన రెండు ఊళ్లలో ఈ పేరు కిందకు వచ్చే వృద్ధుల జీవితాలు ఒకదానితో ఒకటి పోలిక లేనంత వేరుగా ఉంటాయి.

హిజ్రా పెద్దలు అందరి కళ్లముందే బతికారు. వాళ్లకు గురువు–చేలా (శిష్యుల) వ్యవస్థ ఉంది. వయసు మళ్లిన గురువును చేలాలు చూసుకోవడం అందులో ఆనవాయితీ. వాళ్ల కష్టం తామెవరో బయటపడటం గురించి కాదు, కాగితాల గురించి. ఆధార్‌లో ఒక పేరు, రేషను కార్డులో మరో పేరు, జనం పిలిచేది ఇంకో పేరు. స్వలింగ ప్రేమికులైన వృద్ధుల పరిస్థితి దీనికి తలకిందులు. కాగితాలన్నీ సక్రమంగానే ఉంటాయి. ఆ కాగితాల్లో లేనిది వాళ్ల జీవితం. చాలామందికి పెళ్లిళ్లయ్యాయి, పిల్లలున్నారు, మనవలున్నారు. స్త్రీలను ప్రేమించిన స్త్రీలైతే మరింత కనిపించరు. ఆ తరంలో పెళ్లి వద్దని నిలబడగలిగిన ఆడపిల్లలు ఎంతమంది ఉంటారు?

లెక్కల్లోనూ ఈ తేడా కనబడుతుంది. 2011 జనగణనలో మొదటిసారి స్త్రీ, పురుష గడులతో పాటు ‘ఇతరులు’ అన్న గడి పెట్టినప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది అందులో నమోదయ్యారు. స్వలింగ ప్రేమికులను లెక్కించే గడి ఏ జనగణనలోనూ లేదు. కాబట్టి ‘మీ ఊళ్లో ఇలాంటి వృద్ధులు ఎంతమంది ఉన్నారు?’ అని నిధులిచ్చేవారు అడిగితే, నిజాయితీ గల సంఘం ఒక అంకె చెప్పలేదు.

కాగితమంటే ఎందుకు జంకుతారు

2009 జూలై 2న ఢిల్లీ హైకోర్టు, పెద్దల మధ్య ఇష్టపూర్వక స్వలింగ సంబంధం నేరం కాదంది. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేయడంతో అది మళ్లీ నేరమైంది. 2018 సెప్టెంబరు 6న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షను ఆ మేరకు చెల్లదని తేల్చింది. ఆనాటికి అరవై నిండిన మనిషి తన యవ్వనాన్ని, నడి వయసును చట్టం దృష్టిలో నేరస్థుడిగానే గడిపాడు. పైగా, ఇచ్చిన హక్కును నాలుగేళ్లకు తిరిగి లాక్కోవడం కూడా చూశాడు. అలాంటి వ్యక్తిని ‘మా సంఘంలో చేరండి, ఇక్కడ సంతకం పెట్టండి’ అని అడిగినప్పుడు ఆయన వెనకడుగు వేస్తే అది పిరికితనం కాదు, అనుభవం నేర్పిన జాగ్రత్త. సంఘం నడిపేవారు మొదట గౌరవించాల్సింది ఈ జాగ్రత్తనే.

ఏది దక్కింది, ఏది దక్కలేదు

2023 అక్టోబరు 17 నాటి సుప్రియో కేసు తీర్పులో సుప్రీంకోర్టు, స్వలింగ జంటలకు వివాహం ప్రాథమిక హక్కు కాదంది. అయితే ఇలాంటి జంటలకు ఏయే సదుపాయాలు కల్పించవచ్చో పరిశీలించడానికి కేబినెట్ కార్యదర్శి ఆధ్వర్యంలో కమిటీ వేస్తామన్న కేంద్రం హామీని నమోదు చేసింది. 2024 ఆగస్టు నాటి ఉత్తర్వులు ఆ తర్వాత వచ్చినవే. ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికీ, భాగస్వామిని నామినీగా పెట్టుకోవడానికీ అడ్డు లేదని ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. రేషను కార్డు విషయంలో భాగస్వాములను ఒకే కుటుంబంగా చూడాలని ఆహార శాఖ రాష్ట్రాలకు చెప్పింది. దగ్గరి బంధువులు లేనప్పుడు భాగస్వామి మృతదేహాన్ని తీసుకునే హక్కును కాపాడాలని ఆరోగ్య శాఖ లేఖ రాసింది.

కోర్టుల సంగతికి వస్తే, విజయవాడకు చెందిన ఒక యువతి తన సహచరిని ఇంట్లో నిర్బంధించారంటూ వేసిన పిటిషన్‌పై ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2024 డిసెంబరులో, మేజరైన స్త్రీ తాను కోరుకున్న సహచరితో ఉండవచ్చంది. 2025 మేలో మద్రాసు హైకోర్టు, కుటుంబం ఏర్పడటానికి పెళ్లి ఒక్కటే దారి కాదంటూ ‘ఎంచుకున్న కుటుంబం’ అన్న భావనను అంగీకరించింది. మద్రాసు తీర్పు మన రాష్ట్రంలో కట్టుబడి తీరాల్సినది కాదు గానీ, వాదనకు బలమైన ఆధారమే. 2025 జూన్‌లో మన హైకోర్టు, ట్రాన్స్ మహిళ కూడా మహిళేనని, భర్త, అత్తింటివారి క్రూరత్వంపై ఫిర్యాదు చేసే హక్కు ఆమెకు ఉందని చెప్పింది.

ఇవన్నీ వినడానికి పెద్ద మార్పులే. ఒక్కో మాటను పట్టుకుని వృద్ధుడి ఇంటిదాకా వెళితే తేడా తెలుస్తుంది. నామినీ సంగతే తీసుకుందాం. నామినీ అంటే సొమ్ముకు వారసుడని చాలామంది అనుకుంటారు. బ్యాంకు ఆ సొమ్మును ఎవరి చేతికి ఇస్తే తన బాధ్యత తీరుతుందో ఆ వ్యక్తే నామినీ. సొమ్ము అంతిమంగా ఎవరిదన్నది వారసత్వ చట్టమో వీలునామాయో తేలుస్తుంది. షేర్ల విషయంలోనూ ఇదే సూత్రమని సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో మరోసారి చెప్పింది. జీవిత బీమాలో తల్లిదండ్రులు, భార్యాభర్తలు, పిల్లలు నామినీలైతే వాళ్లకే సొమ్ము చెందేలా 2015లో సవరణ చేశారు. ఆ జాబితాలో సహచరుడు లేడు.

రేషను కార్డు సంగతి ఇంకా చిక్కు. రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను ఇప్పుడు నెలకు 4,000 రూపాయలు. సాధారణంగా ఒక కుటుంబానికి ఒకే పింఛను అన్న నిబంధన ఉంది. వేర్వేరు కార్డులున్న ఇద్దరు వృద్ధ సహచరులకు కలిపి నెలకు 8,000 వస్తోందనుకుందాం. కేంద్రం దయతలచి ఇచ్చిన సదుపాయాన్ని వాడుకుని ఒకే కార్డులో చేరితే, ఒక పింఛను ఆగిపోయే ప్రమాదం ఉంది. భార్యాభర్తలకూ ఇదే వర్తిస్తుంది గదా అనవచ్చు. నిజమే. అయితే భార్యాభర్తలకు దానికి బదులుగా దక్కే వారసత్వం, కుటుంబ పింఛను వీరికి దక్కవు. అందుకే ఏ ఉత్తర్వు రాగానే దాన్ని అందరికీ సిఫారసు చేయకుండా, ఒక్కొక్కరి ఇంటి లెక్క వేసి చెప్పేవాళ్లు కావాలి. సంఘం ఉండాలనడానికి నాకు కనిపించే గట్టి కారణం ఇదే.

ఒక ఇల్లు, ఇద్దరు పెద్దమనుషులు

అరండల్‌పేటలో ఒక ఇల్లు ఉందనుకుందాం. యజమాని వయసు 71, పొగాకు కంపెనీలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. 68 ఏళ్ల సహచరుడు బడిపంతులుగా చేశారు. ఇల్లు మొదటి ఆయన పేరు మీదే ఉంది.

యజమాని వీలునామా రాయకుండా చనిపోతే హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం, తల్లిదండ్రులు లేనందున ఇల్లు అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు వెళుతుంది. సహచరుడు ఆ ఇంట్లో ఎన్నేళ్లున్నా చట్టం దృష్టిలో బయటివాడే. వీలునామా రాస్తే ఈ కథ మారుతుంది. ఇద్దరు సాక్షుల సంతకాలుంటే చాలు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. అయినా బంధువులు సవాలు చేసే అవకాశం ఉన్నచోట రిజిస్టరు చేయించడం మంచిది. వీలునామాకు బదులు బతికుండగానే దాన దస్తావేజు రాస్తే, తనను చూసుకోవాలన్న షరతును అందులో స్పష్టంగా రాయించాలి. ఆ షరతు తప్పితే 2007 చట్టంలోని 23వ సెక్షను కింద దస్తావేజును రద్దు చేయమని ఆర్డీఓ అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. ఆస్తి తీసుకున్నది కన్నబిడ్డే అయి ఉండాలని ఆ సెక్షను అనదు.

పోషణ దగ్గర మాత్రం అదే చట్టం మరోలా ఉంటుంది. పిల్లలు లేని వృద్ధుడు తన ఆస్తికి వారసుడు కాబోయే బంధువు నుంచి పోషణ కోరవచ్చు. దానికి చట్టం పెట్టిన పరిమితి నెలకు 10,000 రూపాయలు. ఈ జాబితాలోనూ సహచరుడు లేడు. అంటే కాళ్లు పట్టి, మందులు వేసి చూసుకుంటున్న మనిషికి చట్టం బాధ్యతను అప్పగించలేదు, గుర్తింపునూ ఇవ్వలేదు.

ఇక ఆసుపత్రి. రోగి స్పృహలో ఉంటే ఆయన సంతకం ఒక్కటే చట్టరీత్యా చాలు. మత్తులో ఉన్న కూతురి తరఫున తల్లి ఇచ్చిన అంగీకారం చెల్లదని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. బంధువు సంతకం అడగడంలో ఆసుపత్రి ఆనవాయితీ ఉంది, బిల్లు ఎవరు కడతారన్న ఆందోళన ఉంది. రోగి నిర్ణయం చెప్పలేని స్థితిలో ఉన్నప్పుడే అసలు సమస్య. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాసి పెట్టుకున్నాం కదా అని కొందరు ధీమాగా ఉంటారు. రాసిచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే అది ముగిసిపోతుంది. సరిగ్గా అవసరమైన రోజునే అది పనికిరాకుండా పోతుందన్న సంగతి చాలామంది లాయరు దగ్గర అడగరు.

ఈ చిక్కుకు రెండు పాక్షిక పరిష్కారాలున్నాయి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 14వ సెక్షను ప్రకారం ఎవరైనా తెల్ల కాగితం మీద రాసి, సంతకమో వేలిముద్రో వేసి, తమ తరఫున నిలబడే ప్రతినిధిని నియమించుకోవచ్చు. ఆ ప్రతినిధి బంధువే కానక్కరలేదు. ఆ చట్టం చెప్పే మానసిక రుగ్మత నిర్వచనంలో జ్ఞాపకశక్తిని దెబ్బతీసే స్థితులూ ఉన్నాయి కాబట్టి మతిమరుపు ముదిరే వృద్ధులకు ఇది ఎంతో విలువైన కాగితం. రెండోది ప్రాణాధార చికిత్స గురించి ముందుగా రాసుకునే జీవన వీలునామా. 2018లో సుప్రీంకోర్టు దీన్ని అంగీకరించింది. 2023 జనవరిలో పద్ధతిని సులువు చేసి, ఇద్దరు సాక్షులతో పాటు నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ ఉంటే చాలంది. అందులో దగ్గరి బంధువుల పేర్లే కాక సంరక్షకుల పేర్లూ రాయవచ్చు.

ఇలా చూస్తే ఆ ఇద్దరికీ కావాల్సినవి నాలుగైదు కాగితాలు. భార్యాభర్తలకైతే పెళ్లితోనే చాలా మేరకు సమకూరేవి వీరు ఒక్కొక్కటిగా కూడగట్టుకోవాలి.

ఏడుగురి పేర్లు

సంఘాన్ని రిజిస్టరు చేయించడానికి ఆంధ్రప్రదేశ్ సంఘాల రిజిస్ట్రేషను చట్టం, 2001 ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. వాళ్ల పేర్లు, చిరునామాలు, వృత్తులు జిల్లా రిజిస్ట్రారుకు ఇవ్వాలి. మామూలు సంఘానికి ఇది పది నిమిషాల పని. ఇక్కడ మాత్రం ‘ఎల్‌జీబీటీ వృద్ధుల సంఘం’ అన్న పేరు కింద తన చిరునామా రాయడమంటే, బ్రాడీపేటలో మనవలతో ఉంటున్న తాతగారికి జీవితకాలపు రహస్యాన్ని ప్రభుత్వ దస్త్రంలో పెట్టడమే.

దీనికి ఇద్దరు రెండు దారులు చెబుతారు. వృద్ధులే సభ్యులుగా, వృద్ధులే నిర్ణేతలుగా ఉండాలని, లేకపోతే వాళ్ల పేరుతో వేరేవాళ్లు నడిపే మరో దాతృత్వ సంస్థ అవుతుందని ఒక వాదన. హెచ్‌ఐవీ నివారణ పథకాల కాలంలో ఈ వర్గాల పేరుతో పుట్టిన కొన్ని సంస్థలు ఎందరికి పరీక్షలు చేయించాం, ఎన్ని కండోములు పంచాం అన్న లెక్కల చుట్టూనే తిరిగాయి. ఆ లెక్కల్లో మనిషి ముసలివాడవడం అన్న గడి లేదు. కాబట్టి ఈ వాదనను తేలిగ్గా తీసెయ్యలేం. బయటపడగల యువకులు, న్యాయవాదులు, వైద్యులు, హిజ్రా పెద్దలు సంతకాలు చేసి, మిగతా వృద్ధులు కేవలం సేవలు పొందేవారిగా ఉంటే చాలన్నది రెండో వాదన. ఆచరణలో రెండోది సురక్షితం. దానికి తోడుగా, పేర్లు బయటికి రాని వృద్ధుల సలహా మండలి ఒకటి ఉండి, దాని మాట లేకుండా కార్యవర్గం ముఖ్య నిర్ణయాలు తీసుకోకూడదని నియమావళిలో రాసుకుంటే మొదటి వాదనలోని న్యాయం కూడా నిలుస్తుందని నా నమ్మకం.

మరో చిన్న సంగతి. 2022 ఏప్రిల్ 4 నుంచి విజయవాడ ఎన్టీఆర్ జిల్లా కేంద్రం, గుంటూరు మరో జిల్లా. బస్సులో గంట ప్రయాణమే అయినా కలెక్టరు వేరు, ఆర్డీఓ వేరు. ట్రాన్స్‌జెండర్ల చట్టం, 2019 గుర్తింపు ధ్రువపత్రం ఇచ్చే బాధ్యతను జిల్లా మేజిస్ట్రేటుకు అప్పగించింది. గుంటూరులో ఉంటూ పింఛను విజయవాడలో తీసుకునే వృద్ధురాలి కోసం రెండు కార్యాలయాల మెట్లూ ఎక్కాలి.

విడిగానా, అందరితో కలిపా?

ప్రత్యేక వృద్ధాశ్రమం కావాలనేవారు, మామూలు ఆశ్రమంలో చేరిన స్వలింగ ప్రేమికుడు డెబ్బై ఏళ్ల వయసులో మళ్లీ ముసుగు వేసుకోవాల్సి వస్తుందని, ట్రాన్స్ మహిళను ఏ వార్డులో ఉంచాలో తెలియక చేర్చుకోవడమే మానేస్తారని అంటారు. ఆశ్రయం లేని ట్రాన్స్‌జెండర్ల కోసం కేంద్రం గరిమా గృహాలు నడుపుతున్నా, వృద్ధుల దీర్ఘకాలిక సంరక్షణకు అవి ఉద్దేశించినవి కావు.

కలిపే ఉండాలనేవారి మాటలోనూ బరువుంది. ప్రత్యేక ఆశ్రమంలో చేరడమే బయటపడటం అవుతుంది. పిల్లలున్న వృద్ధులను ఇంటి నుంచి వేరు చేస్తే, ఎంత ఇరుకుగా ఉన్నా ఇన్నాళ్లూ అన్నం పెట్టిన ఆసరా పోతుంది. పైగా ప్రతి జిల్లాలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమాలు ఏర్పాటు చేయవచ్చని 2007 చట్టం రాష్ట్రాలకు చెబుతోంది. ఆ ఆశ్రమాల సిబ్బందికి శిక్షణ ఇప్పిస్తే తక్కువ ఖర్చుతో ఎక్కువమందికి మేలు జరుగుతుంది.

ఆశ్రమం కట్టాలన్న ఆరాటంలో మనీలా అనుభవం మరిచిపోకూడదు. ఫిలిప్పీన్స్‌లో స్వలింగ ప్రేమికుల హక్కుల కోసం పనిచేసిన హుస్తో హుస్తో 1970లలో వృద్ధులైన స్వలింగ ప్రేమికులకు తన ఇంట్లో ఆశ్రయమిచ్చారు. ‘గోల్డెన్ గేస్’ పేరుతో ఆ ఇల్లు దశాబ్దాలు నడిచింది. 2012లో ఆయన చనిపోయాక ఆ ఇల్లు ఆ వృద్ధులకు మిగలలేదు. వాళ్లు రోడ్డున పడ్డారు. ఎవరి మంచితనంలోనూ లోపం లేదు. ఇల్లు సంఘం పేరు మీద లేదు, అంతే. అరండల్‌పేట ఇంటికి వర్తించిన సూత్రమే సంఘానికీ వర్తిస్తుంది.

చాకిరీ లెక్క

న్యూయార్క్‌లో 1978లో మొదలైన ‘సేజ్’ అనే సంస్థ ఒంటరి వృద్ధుల ఇళ్లకు స్నేహితులను పంపే పనితోనే తొలినాళ్లలో నిలదొక్కుకుంది. మన దగ్గరా అదే ఎక్కువమందికి అందే సేవ. లెక్క వేసి చూద్దాం. ముప్పైమంది వృద్ధులున్నారనుకుంటే, ఒక్కొక్కరికి వారానికి ఒకసారి ఇరవై నిమిషాల ఫోను చొప్పున నెలకు 40 గంటలు. నెలకు రెండుసార్లు, రాకపోకలతో కలిపి రెండేసి గంటల పలకరింపు చొప్పున 120 గంటలు. మొత్తం 160 గంటలు. ఒక కార్యకర్త నెలకు ఎనిమిది గంటలు ఇవ్వగలిగితే ఇరవైమంది కావాలి. ఈ లెక్కలో ఆసుపత్రి రాత్రుళ్లు లేవు. ముప్పైమందిలో ఇద్దరు ఆసుపత్రిలో చేరిన నెలలో లెక్క తారుమారవుతుంది. అందుకే పదిమందితో మొదలుపెట్టి నిలబడిన సంఘం, వందమందిని చేర్చుకుని ఫోను ఎత్తలేని సంఘం కన్నా మేలు.

కార్యకర్తలకు సంబంధించి ఒక కట్టుబాటు మొదటి రోజే రాసుకోవాలి. వృద్ధుల వీలునామాల్లో కార్యకర్తల పేర్లు గానీ, సంఘం పేరు గానీ లబ్ధిదారులుగా ఉండకూడదు. ఒంటరి వృద్ధుడికి ప్రేమగా మాట్లాడేవారే లోకమైనప్పుడు ఆస్తి రాసిచ్చేయాలని అనిపించడం సహజం. అలాంటిది ఒక్కసారి జరిగినా, ఆయన బంధువులు కోర్టులో వేసే మొదటి ప్రశ్నకు సంఘం దగ్గర జవాబుండదు, మిగతా వృద్ధులు తలుపు తీయరు.

చివరి రోజున

హిజ్రా గురువు చనిపోతే చేలాలు వస్తారు. ఒంటరిగా బతికిన స్వలింగ ప్రేమికుడు చనిపోతే మార్చురీ దగ్గర ఎవరు నిలబడాలి? 2024 నాటి ఆరోగ్య శాఖ లేఖ దగ్గరి బంధువులు లేనప్పుడే పనికొస్తుంది. వాళ్లుండి, వచ్చి, సహచరుణ్ణి పక్కకు నెడితే ఆ లేఖ అడ్డుకోలేదు. దహనమా, ఖననమా, తలకొరివి ఎవరు పెట్టాలి, పదకొండో రోజు చేయించాలా అన్న వాటికి వృద్ధుడు బతికుండగా చెప్పిన మాట నైతికంగా విలువైనదే గానీ, బంధువులను కట్టడి చేయలేదు. వాళ్లు ఒప్పుకోవాలంటే ముందే మాట్లాడి ఉండాలి. ముందే మాట్లాడాలంటే రహస్యం కొంతైనా విప్పాలి. ఎంత విప్పాలో వృద్ధుడే చెప్పాలి.

కాబట్టి ప్రతి వృద్ధుడి ఫైలులో ఒక సీలు కవరు ఉండాలి. తాను పోయాక మొదట ఎవరికి ఫోన్ చేయాలో, ఎవరికి చేయకూడదో, సహచరుణ్ణి బంధువులకు ఏ పేరుతో పరిచయం చేయాలో ఆయన తన చేతిరాతతో రాసి లోపల పెట్టాలి. ‘స్నేహితుడు’ అని రాసినా, ఆ ఒక్క మాటనే వాడాలి.